ఐసీయూ నర్సు, ఉగాండా యాత్ర, ఒక తల్లి ప్రశ్న

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. వైద్యం అందని చోటికి వెళ్లి పనిచేయాలని చదువుకునే రోజుల నుంచీ నా కోరిక. ఇప్పుడు మా సంఘం వారు కొందరు డాక్టర్లతో కలిసి రెండు వారాల వైద్య సేవకు ఉగాండా వెళ్తున్నారు. ఒక్కొక్కరు రూ.1,85,000 కట్టుకోవాలి. ఉదయం వైద్య శిబిరం, సాయంత్రం ప్రార్థన కూటం ఉంటాయట. "అక్కడైతే నర్సులు కూడా కుట్లు వేయవచ్చు, పళ్లు తీయవచ్చు, చాలా నేర్చుకుంటావు" అని నిర్వాహకులు అంటున్నారు. నా చదువు కోసం తీసుకున్న అప్పు ఇంకా లక్షన్నర దాకా మిగిలి ఉంది. నాన్న లేరు, తమ్ముడు చదువుకుంటున్నాడు. "మన దగ్గర రోగులు లేరా, అంత దూరం పోవాలా?" అని అమ్మ అడుగుతోంది. నేను వెళ్లవచ్చా? వెంటిలేటర్ల మధ్య గడిచిన నా అనుభవం అక్కడ ఎవరికైనా పనికొస్తుందా? ఎక్కువ కాలానికి నర్సులను పంపే సంస్థల సంగతి కూడా చెప్పగలరు.
— ఒక సోదరి, గుంటూరు జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు నా అభిప్రాయం చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాను. మీరు విదేశీ వైద్య సేవకు వెళ్లండి, కానీ ఈ యాత్ర ఇప్పుడు మీరు రాసిన తీరులోనే ఉంటే దానికి మాత్రం వెళ్లవద్దు. మీ చదువు గురించి, మీ చేతిపని గురించి, మీరు ఏమి చేయగలరో ఏమి చేయలేరో దాని గురించి గుచ్చి గుచ్చి అడిగే సంస్థతో వెళ్లండి. ఏమీ అడగకుండా డబ్బు కడితే చాలు రమ్మనేవారు రేపు మీ చేతికి ఇచ్చే రోగి గురించి కూడా ఏమీ అడిగి ఉండరు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది లక్షా ఎనభై అయిదు వేల రూపాయల సంగతి కాదు, "అక్కడైతే నర్సులు కూడా కుట్లు వేయవచ్చు, పళ్లు తీయవచ్చు" అన్న మాట. విజయవాడలో మీ ఆసుపత్రిలో మీరు ఒక రోగి పన్ను తీస్తారా? తీయరు. ఎందుకు తీయరో మీకు తెలుసు. అది మీకు నేర్పిన పని కాదు, నరం దెబ్బతిన్నా రక్తం ఆగకపోయినా ఏమి చేయాలో మీకు తెలియదు, జవాబు చెప్పవలసి వస్తే మిమ్మల్ని కాపాడే నియమం ఒక్కటీ లేదు. విమానం దిగినంత మాత్రాన ఇందులో ఏది మారుతుంది? ఉగాండాకు కూడా నర్సులు, మంత్రసానుల కౌన్సిల్ ఉంది. అక్కడి నర్సు అక్కడి చట్టం కింద నమోదు చేసుకుని పనిచేస్తుంది. పేదవారున్న చోట నియమం సడలుతుందని ఎవరైనా అంటే, పేదవారి ప్రాణానికి వెల తక్కువని అన్నట్టే. ఆ నిర్వాహకులు చెడ్డవారని నేను అనడం లేదు. మంచి మనసుతోనే వెళ్తూ ఉండవచ్చు. మంచి మనసుతో వెళ్లి తప్పు చేసినవారిలో నేనూ ఉన్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చాలా ఏళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, ఇటువంటి పది రోజుల శిబిరానికే నేను తూర్పు ఆఫ్రికాలోని ఒక పల్లెకు వెళ్లాను. అది ఆ బృందం రెండో ఏడాది యాత్ర. బడి వరండాలో బల్ల వేసుకుని రోజుకు రెండు వందల మందికి పైగా చూసేవాళ్లం. మూడో రోజు వరుసలో ఒక ముసలమ్మ వచ్చింది. బీపీ చూస్తే 190/110 ఉంది. మందు వాడుతున్నావా అని దుబాసీ చేత అడిగించాను. ఆమె ఒంటికి చుట్టుకున్న కిటెంగే గుడ్డ కొసన ఉన్న ముడి విప్పి, ఒక చిన్న ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టింది. అందులో ముప్పై ఆమ్లోడిపిన్ మాత్రలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పైన అంటించిన చీటీ మీద రోజుకు ఒకటి అని ఇంగ్లీషులో రాసి ఉంది. అవి కిందటి ఏడాది మా బృందమే ఇచ్చిన మాత్రలు. తల బాగా నొప్పి పుట్టిన రోజు కోసం దాచుకున్నానని ఆమె చెప్పింది. ఆమె భాషలో రెండు నిమిషాలు కూర్చుని వివరించే మనిషిని మేము పెట్టుకోలేదు, అవి అయిపోయిన తరువాత ఎక్కడికి వెళ్లాలో చెప్పలేదు. అంతకంటే సిగ్గుపడవలసిన సంగతి చివరి రోజున తెలిసింది. మేము ప్రతిరోజూ వ్యానులో దాటిపోయే దారిలోనే, నాలుగు కిలోమీటర్ల దూరంలో, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడ ఒక నర్సు బీపీ రోగుల పేర్లు ఒక పుస్తకంలో రాసి పెట్టుకుని నెలనెలా చూస్తోంది. మేము ఆమెను ఒక్కసారి కూడా కలవలేదు.

అందుకే మీరు నిర్వాహకులకు మర్యాదగా, రాతపూర్వకంగా కొన్ని సంగతులు అడగండి. ఉగాండాలో మీరు పనిచేసే జిల్లా ఆరోగ్య అధికారికి ఈ శిబిరం సంగతి తెలుసా, డాక్టర్లకు, నర్సులకు అక్కడి కౌన్సిళ్ల తాత్కాలిక అనుమతి తీసుకున్నారా, బృందంతో ఏ స్థానిక ఆసుపత్రి కలిసి పనిచేస్తోంది, పదిహేనో రోజున ఒక రోగికి కుట్ల దగ్గర చీము పడితే ఎవరు చూస్తారు, మందులు ఎక్కడ కొంటున్నారు, వాటి గడువు ఎంత ఉంది, బృందంలో ఎవరికైనా సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ రాకుండా వాడే మందు వెంట ఉందా అని అడగండి. ఈ చివరి ప్రశ్న చిన్నదిగా అనిపించవచ్చు, కానీ ఆ మందును 72 గంటల లోపల మొదలుపెట్టి 28 రోజులు వాడాలని మీకు తెలుసు. ఆ ఏర్పాటు లేని బృందం తన నర్సుల గురించే ఆలోచించలేదన్నమాట.

ప్రార్థన కూటం గురించి కూడా ఒక మాట చెప్పాలి. నేనూ రోజూ ప్రార్థన చేసుకునే మనిషినే, విశ్వాసంతో సేవకు వెళ్లడం గొప్ప సంగతని నమ్ముతాను. కానీ మందు చీటీ ఇచ్చే వరుస, ప్రార్థనకు పిలిచే వరుస ఒకటి కాకూడదు. రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి 1994లో రూపొందించుకున్న నియమావళిలో, సహాయాన్ని ఏ మత, రాజకీయ అభిప్రాయాన్ని ముందుకు తీసుకువెళ్లడానికీ వాడకూడదని స్పష్టంగా ఉంది. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని నిలబడిన తల్లి, సాయంత్రం కూటానికి రాకపోతే మందు ఇవ్వరేమోనని ఒక్క క్షణమైనా భయపడే పరిస్థితి రానివ్వకండి.

ఈ ప్రశ్నలన్నిటికీ సరైన జవాబు వచ్చి, మీరు నర్సు పని మాత్రమే చేస్తారని వారు ఒప్పుకుంటే, నా సలహా మార్చుకుంటాను. తక్కువ రోజుల యాత్రలన్నీ వృథా కావు. స్థానిక ఆసుపత్రి పిలిస్తే వెళ్లి, గ్రహణమొర్రి వంటి శస్త్రచికిత్సలు చేసి, కుట్లు విప్పేదాకా చూసుకునే ఏర్పాటు చేసి వచ్చే బృందాలు ఉన్నాయి. అయినా మీ అప్పు తీరకుండా ఆ మొత్తం కట్టడం నాకు ఇష్టం లేదు.

ఇక ఎక్కువ కాలానికి పంపే సంస్థల సంగతి. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే పేరు మీరు వినే ఉంటారు. 1971లో పారిస్‌లో మొదలై, 1999లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న సంస్థ. పేరులో డాక్టర్లే ఉన్నా అక్కడ నర్సులకు పని చాలా ఉంటుంది. సాధారణంగా నర్సుకు కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతారు, మీకు ఆరేళ్లు ఉంది. మొదటిసారి వెళ్లేవారిని తొమ్మిది నెలల నుంచి ఏడాది వరకు ఉండమంటారు. ఆపరేషన్ థియేటర్ నర్సుల వంటి కొందరికి మాత్రం గడువు తక్కువగా ఉంటుంది. ప్రయాణం, వసతి, బీమా వారే చూసుకుని, నెలకు కొంత జీతం ఇస్తారు. అది గల్ఫ్ జీతంలా ఉండదు, కానీ మీరు చేతి డబ్బు పెట్టుకుని వెళ్లవలసిన అవసరం లేదు. ఢిల్లీలో వారికి కార్యాలయం ఉంది. ఇంగ్లీషు బాగా రావాలి. ఫ్రెంచ్ వస్తే మీ దరఖాస్తుకు బలం పెరుగుతుంది, ఎందుకంటే వారు పనిచేసే కాంగో, చాద్, నైజర్, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ వంటి దేశాలలో కార్యాలయ భాష ఫ్రెంచే. ఏడాది పాటు రోజుకు ఒక గంట కూర్చుంటే వార్డులో పనికి సరిపడా ఫ్రెంచ్ వస్తుంది. నైట్ డ్యూటీలు చేస్తూ చదువుకున్న మనిషికి అది అసాధ్యం కాదు.

మీ విశ్వాసానికి దగ్గరగా ఉండే మరో సంస్థ మెర్సీ షిప్స్. 1978లో మొదలైన ఈ క్రైస్తవ సంస్థ ఓడలనే ఆసుపత్రులుగా నడుపుతుంది, కానీ చికిత్స విషయంలో రోగి మతం చూడదు. వారి గ్లోబల్ మెర్సీ అనే ఓడలో ఆరు ఆపరేషన్ థియేటర్లు ఉన్నాయి. అది 2023లో సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్ రేవుకు చేరింది. ముఖం మీద పెరిగిన పెద్ద గడ్డలు, కాలిన గాయాలు మానాక బిగుసుకుపోయిన చేతులు, వంకర పాదాలు, కాన్పు కష్టమై మూత్రం ఆగకుండా కారే ఫిస్టులా, ఇటువంటివాటికి ఆ సంస్థ ఓడల్లో ఉచితంగా ఆపరేషన్లు చేస్తారు. ఐసీయూ నర్సుకు ఆ ఓడ మీద తెలిసిన పని, తెలిసిన యంత్రాలు కనిపిస్తాయి. అయితే ఇక్కడ జీతం లేదు. ప్రయాణం వంటి ఖర్చులు మీరే పెట్టుకోవాలి, చాలామంది తమ సంఘాల నుంచి, బంధువుల నుంచి చందాలు పోగుచేసుకుని వెళ్తారు. మీ సంఘం వారు నిజంగా మిమ్మల్ని పంపాలనుకుంటే, ఆ లక్షా ఎనభై అయిదు వేలకు ఇది మంచి దారి అని పెద్దల ముందు పెట్టి చూడండి.

ఇప్పుడు మీరు అడిగిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్నకు వస్తాను. ఐసీయూ అనుభవం పనికొస్తుందా? పనికొస్తుంది, కానీ మీరు అనుకున్న చోట కాదు. రోగి ముఖం చూసి పది నిమిషాల ముందే ప్రమాదం పసిగట్టే మీ కన్ను పనికొస్తుంది, గంట గంటకూ ఎంత లోపలికి పోయింది, ఎంత బయటికి వచ్చిందో రాసే మీ అలవాటు పనికొస్తుంది, చేతులు కడుక్కునే మీ క్రమశిక్షణ పనికొస్తుంది. పనికిరానిది ఒకటే, యంత్రం చెబుతుందన్న ధీమా.

2014లో దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో కలరా ప్రబలినప్పుడు నేను ఒక చికిత్సా కేంద్రంలో పనిచేశాను. అంతకు ముందు డిసెంబరులో మొదలైన అంతర్యుద్ధంతో వేల మంది ఇళ్లు వదిలి గుడారాల్లో తలదాచుకుంటున్న కాలం అది. అప్పటికి నేను కూడా మీలాగే ఏళ్ల తరబడి ఐసీయూలో పనిచేసిన నర్సునే. కలరా వార్డులో మంచాలకు నడుమ గుండ్రటి రంధ్రం ఉంటుంది, దాని కింద ఒక బకెట్, తల దగ్గర మరో బకెట్. బకెట్లో నీళ్లు బియ్యపు కడుగులా ఉంటాయి. నర్సు బకెట్ లోపల గీసిన గీతలు చూసి ఎంత పోయిందో లెక్క రాస్తుంది. మా మొదటి రాత్రి ఇద్దరు మనుషులు ఒక మగమనిషిని దుప్పటిలో మోసుకొచ్చారు. కళ్లు లోతుకు పోయి ఉన్నాయి, చేతి చర్మం పట్టుకుని వదిలితే ముడుత అలాగే నిలిచిపోయింది, మణికట్టు దగ్గర నాడి అందలేదు. అరవై కిలోల మనిషి అనుకుంటే, కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున మొదటి అరగంటలో 1,800 మిల్లీలీటర్లు, తరువాతి రెండున్నర గంటల్లో కిలోకు 70 చొప్పున 4,200 మిల్లీలీటర్లు, అంటే మూడు గంటల్లో ఆరు లీటర్ల రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ఎక్కించాలి. ఆ లెక్క నాకు శిక్షణలో చెప్పారు, కాగితం మీద నేనే వేశాను కూడా. అయినా నా చేయి సెలైన్ చక్రం దగ్గర ఆగిపోయింది. గంటకు వంద మిల్లీలీటర్లు పంపులో పెట్టి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందేమోనని కాపలా కాసే అలవాటు నాది.

నా పక్కన ఉన్న నర్సు జూబా మనిషే, నా కంటే పదేళ్లు చిన్నవాడు. అతను ఏమీ అనలేదు. రెండో చేతికి కూడా లావుపాటి క్యాన్యులా వేసి, రెండు చక్రాలూ పూర్తిగా వదిలేసి, నా చేయి తీసుకువెళ్లి రోగి మణికట్టు మీద పెట్టాడు. ఇరవై నిమిషాలకు నా వేలి కింద సన్నగా దారంలా నాడి కదిలింది. నాలుగో సీసా పూర్తవుతుండగా ఆ మనిషి కళ్లు తెరిచి "మోయా" అన్నాడు. జూబా అరబ్బీలో నీళ్లు అని అర్థం. ఆ రాత్రి నేను నేర్చుకున్న మొదటి మాట అదే, దాన్ని నాకు నేర్పింది ఆ రోగి. ఎలా బతికించాలో నేర్పింది ఆ కుర్రవాడు. నేనే వాళ్లకు నేర్పడానికి వచ్చానని అప్పటిదాకా అనుకుంటూ ఉన్నాను.

అదే చేతిని మరుసటి వారం మళ్లీ వెనక్కి లాగవలసి వచ్చింది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు బిడ్డ భుజానికి, మోచేతికి మధ్య కొలిచే రంగుల టేపు ఉంటుంది. 115 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. అటువంటి బిడ్డకు సెలైన్ వేగంగా ఎక్కిస్తే బలహీనపడిన గుండె తట్టుకోలేదు. అందుకే షాక్‌లో, అంటే రక్తప్రసరణ పడిపోయిన స్థితిలో, ఉంటే తప్ప నరంలోకి ద్రవం ఎక్కించరు, ఎక్కించినా కిలోకు 15 మిల్లీలీటర్లు గంట సేపటిలో, మంచం పక్కనే కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఎక్కిస్తారు. పెద్దవాడిని బతికించిన వేగమే పక్క మంచం మీది బిడ్డను చంపుతుంది. ఈ రెండింటి మధ్య తేడా చెప్పే యంత్రం అక్కడ ఉండదు. టేపు, గడియారం, డ్రిప్ సెట్‌లో రాలే చుక్కలు, మీ కన్ను, ఇంతే ఉంటాయి. కాబట్టి ఈ రోజు నుంచే ఒక పని చేయండి. డ్యూటీలో పంపు మీద అంకె నొక్కే ముందు, ఆ వేగానికి నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో మనసులో లెక్క వేసుకోండి. మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్‌తో గంటకు 120 మిల్లీలీటర్లంటే నిమిషానికి 40 చుక్కలు. మూడు నెలల్లో మీకు కాగితం అవసరం ఉండదు.

మరొక సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. పెద్ద సంస్థలు విదేశాల నుంచి పిలిపించుకునే నర్సును మంచం పక్కన ఉంచడం తక్కువ. మందుల లెక్క, డ్యూటీల పట్టిక, ఇన్‌ఫెక్షన్ల నివారణ, స్థానిక నర్సులకు శిక్షణ, వారి పని పర్యవేక్షణ, ఇవే ఎక్కువగా అప్పగిస్తారు. ఆ సంస్థలలో పనిచేసేవారిలో అత్యధికులు ఆయా దేశాలవారే. మీరు ఏడాదికి వెళ్లిపోతారు, వారు ఉంటారు. మీరు దిగిన రోజున వారి పేర్లు, వారి పిల్లల పేర్లు నేర్చుకోండి. వారిలో సీనియర్‌ను అడగకుండా మొదటి నెలలో ఏ పద్ధతినీ మార్చకండి. మీ ఆసుపత్రిలో ఇన్‌చార్జి సిస్టర్‌గా బాధ్యత తీసుకునే అవకాశం ఎప్పుడైనా వస్తే వద్దనకండి, దరఖాస్తులో అది మీ వెంటిలేటర్ అనుభవం కంటే ఎక్కువ బరువు తూగుతుంది.

మీ అమ్మగారి ప్రశ్నకు వస్తాను. "మన దగ్గర రోగులు లేరా" అన్న మాటను అడ్డుపుల్లగా తీసుకోకండి. అది న్యాయమైన ప్రశ్న. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ వారే 2006 నుంచి కొన్నేళ్ల పాటు ఛత్తీస్‌గఢ్ అల్లర్లకు ఊళ్లు వదిలి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చిన గొత్తికోయలకు సంచార వైద్యశాలలు నడిపారు. ఫ్రాన్స్‌లో మొదలైన సంస్థకు భద్రాచలం వైపు అడవులు విదేశీ సేవ అయినప్పుడు, గుంటూరు జిల్లా నర్సుకు అవి పొరుగూరు. అందుకే నా సలహా, ఉగాండాకు బదులు ముందు పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వంటి చోట్లలో ఏదైనా ఒకటి ఎంచుకుని, అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి లేదా నమ్మకమైన స్వచ్ఛంద సంస్థ అనుమతితో, కనీసం ఒక నెల పిల్లల వార్డులోనో పోషకాహార పునరావాస కేంద్రంలోనో పనిచేయండి. ఆ కేంద్రాల్లో బలహీనమైన బిడ్డలకు రెండు గంటలకు ఒకసారి కొలిచి పాలు పట్టడం, తూకం రాయడం, తల్లిని ఇంటికి పోకుండా ఒప్పించడం మీరు దగ్గరగా చూస్తారు. చాద్‌లో మీరు పర్యవేక్షించవలసి వచ్చేది ఇటువంటి పనే. అక్కడ మీ తెలుగు కూడా సగం మందికి సరిగా అర్థం కాదు, దుబాసీతో మాట్లాడడం అలవాటవుతుంది. ఆ నెల అయ్యాక కూడా మీకు దూరం వెళ్లాలనే ఉంటే, అప్పుడు అమ్మగారికి చెప్పే సమాధానంలో బలం ఉంటుంది. అక్కడే ఉండిపోవాలనిపిస్తే ఇంకా సంతోషం.

అమ్మగారికి ప్రమాదం లేదని మాత్రం అబద్ధం చెప్పకండి. 2015 అక్టోబరు 3న ఆఫ్ఘనిస్తాన్‌లోని కుందుజ్‌లో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ నడిపే ఆసుపత్రి మీద అమెరికా విమానం దాడి చేసి 42 మందిని చంపింది. వారిలో 14 మంది ఆ సంస్థ సిబ్బందే. ఆసుపత్రి ఎక్కడుందో అందరికీ తెలిసి ఉండగానే అది జరిగింది. ఈ సంగతి తెలిసి వెళ్లాలి. సంస్థలు యుద్ధం లేని చోట్లకు కూడా పంపుతాయి, ఒక చోటికి వెళ్లనని చెప్పే హక్కు మీకు ఉంటుంది, దాన్ని వాడుకోవడానికి సిగ్గుపడకండి. అక్కడికి చేరాక చీకటి పడితే బయటికి వెళ్లకూడదని, ఒంటరిగా నడవకూడదని నియమాలు ఉంటాయి. జైలులా అనిపించిన సాయంత్రాలు నాకూ ఉన్నాయి. అయినా ఒక్కసారి కూడా వాటిని దాటలేదు. దాటితే ప్రమాదంలో పడేది నేనొక్కదాన్నే కాదు, నన్ను వెతకడానికి వచ్చే డ్రైవరు కూడా.

కాగితాలు, సూదుల సంగతి త్వరగా చెబుతాను. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో మీ నమోదు గడువు దాటిపోకుండా చూసుకోండి. ఆరేళ్ల అనుభవ పత్రం విభాగం పేరుతో సహా తీసుకోండి. హెపటైటిస్ బి మూడు మోతాదులు ఆరు నెలలు పడతాయి కాబట్టి ఇంకా వేయించుకోకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి. ఉగాండా అయినా, కాంగో అయినా పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా తప్పనిసరి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం వంటి అధీకృత కేంద్రాల్లోనే అది వేస్తారు. వేయించుకున్న పది రోజుల తరువాతే ఆ పత్రం చెల్లుతుంది, ఆ తరువాత జీవితాంతం చెల్లుతుంది. ఆ పత్రం లేకుండా ఆ దేశాల నుంచి తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. మలేరియా మాత్ర అక్కడ ఉన్నంత కాలమే కాదు, తిరిగి వచ్చాక కూడా చెప్పినన్ని రోజులు వాడాలి. ఇంటికి చేరిన కొన్ని నెలల్లోపు జ్వరం వస్తే, వైరల్ జ్వరమేలే అని పడుకోకుండా, ఆఫ్రికా నుంచి వచ్చానని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.

ఈ ప్రయత్నంలో ఉన్నారని తెలిస్తే "మిషన్ ఉద్యోగం ఇప్పిస్తాం" అంటూ ఏజెంట్లు ఫోన్ చేస్తారు. నేను చెప్పిన రెండు సంస్థలలో దేనికీ ఏజెంటు అవసరం లేదు. దక్షిణ సూడాన్, సూడాన్, యెమెన్, గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలలో నర్సు ఉద్యోగాల నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని కేంద్రం 2015లో ఆదేశించింది. మన దగ్గర ఆ పని చూసేవి ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. ఎవరైనా ముందుగా డబ్బు పంపమంటే ఒక్క రూపాయి కూడా పంపకండి.

డబ్బు విషయంలో నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది, మన్నించండి. ఆ లక్షన్నర అప్పు ముందు తీర్చండి. అప్పు నెత్తిన ఉండగా వెళ్తే, జీతం తక్కువ వచ్చిన ప్రతి నెలా మీ మనసు రోగి దగ్గర కాక తమ్ముడి ఫీజు దగ్గర ఉంటుంది. యాత్రకు కడదామనుకున్న మొత్తం బ్యాంకుకు కడితే అప్పు తీరి ఇంకా కొంత మిగులుతుంది. దాన్ని అమ్మ పేరు మీద వేయండి. ఆసుపత్రి వారిని జీతం లేని సెలవు అడగండి. ఇవ్వకపోయినా భయపడకండి, ఐసీయూలో అనుభవం ఉన్న నర్సుకు తిరిగి వచ్చాక ఉద్యోగం దొరకని రోజులు కావు ఇవి.

ఈ వారంలోనే సంఘం నిర్వాహకులకు పైన చెప్పిన ప్రశ్నలతో ఉత్తరం రాయండి. పిల్లల వార్డులో నెల రోజులకు ఏ ఊరు ఎంచుకున్నారో నాకు తెలియజేయండి. ఆ ఊరు భద్రాచలమే అయితే, మొదటి ఆదివారం అమ్మగారిని కూడా వెంట తీసుకువెళ్లి, మీరు ఏ పని చేస్తారో ఒక పూట ఆమెకు దగ్గరుండి చూపించండి.